172 రోజులు, ఏడు శిఖరాలు – మల్లి మస్తాన్ బాబు జీవితం

మా వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి రాయడం ఆనవాయితీ. అంబేడ్కర్, పూలే, జాషువా వంటి మహనీయుల గురించి మనమంతా చదువుకున్నాం. ఈసారి మేము పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు గారి జీవితాన్ని ఎంచుకున్నాం. ఆయన మరణించి పదేళ్లు దాటింది. మన వసతి గృహంలో మూడో తరగతి చదివే తమ్ముళ్లు అప్పటికి పుట్టనే లేదు. కాబట్టి ఆయన పేరు వినని వారు మనలో చాలామందే ఉంటారు.

ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన తెలుగువాడు ఆయన. 2006లో ఆ పని పూర్తి చేసేనాటికి అంత తక్కువ రోజుల్లో ఎక్కినవారు ప్రపంచంలో మరొకరు లేరు.

ఆయననే ఎంచుకోవడానికి మాకు ఇంకో కారణం కూడా ఉంది. ప్రతి ఏడాది మన సీనియర్లలో కొందరు పోలీసు ఉద్యోగాలకు, సైన్యంలో చేరడానికి తెల్లవారుజామున గ్రౌండులో పరుగు సాధన చేస్తుంటారు. చేతిలో గడియారం, మనసులో నిమిషాల లెక్క. నిన్నటికన్నా ఈ రోజు ఎన్ని సెకన్లు తగ్గిందన్నదే మాట. ఆ సెకన్ల కోసం శరీరం ఏం చెల్లిస్తోందన్న ఆలోచన మాత్రం తక్కువ. గడియారంతో పోటీపడి గెలిచిన ఒక మనిషి జీవితం తెలుసుకుంటే మనకు ఆ ఆలోచన వస్తుందని మా ఆశ.

ఊరు – బాల్యం

మల్లి మస్తాన్ బాబు 1974 సెప్టెంబర్ 3న నెల్లూరు జిల్లా సంగం మండలంలోని గాంధీ జనసంగం గ్రామంలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. తండ్రి మస్తానయ్య, తల్లి సుబ్బమ్మ. సంగం పెన్నా నది ఒడ్డున ఉంటుంది. చుట్టూ వరి పొలాలు, చెరువులు. మంచు అన్న మాట పుస్తకంలో చదవాల్సిందే గాని కళ్లతో చూసే అవకాశం లేని ప్రాంతం. వేసవిలో మన నిజామాబాద్ ఎండలకు ఏమాత్రం తీసిపోని ఎండలు అక్కడ కూడా ఉంటాయి. అలాంటి ఊరి పిల్లవాడు పెద్దయ్యాక అంటార్కిటికా మంచు మీద నిలబడతాడని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

ఊళ్లో చిన్న తరగతులు చదివాక ఆయనకు విజయనగరం జిల్లాలోని కోరుకొండ సైనిక పాఠశాలలో సీటు వచ్చింది. 1985లో అక్కడ చేరారు. అప్పటికి ఆయన వయసు పదకొండేళ్లు. ఇంటికి 600 కిలోమీటర్లకు పైగా దూరం. అమ్మానాన్నలను వదిలి, పెట్టె సర్దుకుని వచ్చి, తెలియని పిల్లల మధ్య మొదటి రాత్రి పడుకోవడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనలాగే ఆయన కూడా హాస్టల్ పిల్లవాడే. తెల్లవారకముందే లేవడం, వ్యాయామం, వరుసలో నిలబడి భోజనం, దీపాలార్పే వేళ, అన్నీ గంట ప్రకారం జరిగే జీవితం. ఏడేళ్లు ఆయన అలా పెరిగారు. కొండలు ఎక్కడానికి కావలసిన మొదటి పెట్టుబడి ఈ ఏడేళ్లలోనే కూడిందని మేము అనుకుంటున్నాం.

ఆయన చేరిన ఆ 1985 లోనే ఆ పాఠశాలకు ఒక విషాదం ఎదురైంది. అక్కడ చదువుకుని సైన్యంలో అధికారి అయిన లెఫ్టినెంట్ ఉదయ్ భాస్కర్ రావు భారత సైన్యం పంపిన ఎవరెస్టు యాత్రలో మరణించారు. ఆ యాత్రలో మొత్తం ఐదుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. తమ పూర్వ విద్యార్థి జ్ఞాపకార్థం పాఠశాలలో ఆయన విగ్రహం పెట్టారు. మస్తాన్ బాబుకు ఎవరెస్టు మీద మనసు పోవడానికి ఆ పూర్వ విద్యార్థే స్ఫూర్తి. ఇది గమనించదగ్గ విషయం. సాధారణంగా గెలిచిన వారిని చూసి మనకు స్ఫూర్తి కలుగుతుంది. ఈయనకు మాత్రం తిరిగిరాని మనిషి నుంచి స్ఫూర్తి కలిగింది. అంటే కొండ ప్రాణం తీయగలదన్న సంగతి తెలిసే ఆయన ఆ దారి పట్టారు.

చదువులు – ఉద్యోగం – కొండలు

సైనిక పాఠశాల తర్వాత ఆయన జంషెడ్‌పూర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివారు. ఇప్పుడు దానినే ఎన్.ఐ.టి. అంటున్నారు. తర్వాత ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్. చేశారు. కొంతకాలం సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా సత్యం కంప్యూటర్స్‌లో పనిచేశారు. ఆపై కలకత్తా ఐ.ఐ.ఎం.లో చేరి 2004లో మేనేజ్‌మెంట్ చదువు పూర్తి చేశారు.

ఈ మూడు చదువుల్లో ఏ ఒక్కటి దొరికినా మన ఇళ్లలో పండుగ చేసుకుంటాం. మూడూ పూర్తి చేసిన మనిషి పెద్ద జీతం ఉద్యోగానికి పోకుండా కొండలు ఎక్కుతానంటే ఇంటివాళ్లు, స్నేహితులు ఏమనుకుంటారో ఆలోచించండి. ఆయన ఆ దారే ఎంచుకున్నారు. చదువుకుంటున్న రోజుల్లోనూ ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనూ కొండల్లో తిరగడం, బండలెక్కడం, దూరం నడవడం ఆయన మానలేదు. అందువల్ల 2006 నాటికి ఆయన శరీరం ఒక్క రోజులోనో ఒక్క నెలలోనో తయారైనది కాదు. పదకొండేళ్ల వయసులో మొదలైన వ్యాయామానికి అప్పటికి ఇరవై ఏళ్లు నిండాయి.

ఏడు శిఖరాలు అంటే ఏమిటి

ప్రపంచంలోని ఏడు ఖండాలలో ప్రతి ఖండానికి ఒక ఎత్తైన శిఖరం ఉంటుంది. వీటన్నింటినీ ఎక్కాలన్న ఆలోచనను మొదట పూర్తి చేసినవాడు అమెరికాకు చెందిన డిక్ బాస్. ఆయన 1985 ఏప్రిల్ 30న ఎవరెస్టు ఎక్కి ఏడూ పూర్తి చేశాడు. మిగతా ఆరింటినీ 1983లోనే ఎక్కినా ఎవరెస్టు కోసం మరో రెండేళ్లు ఆగవలసి వచ్చింది.

ఆస్ట్రేలియా విషయంలో రెండు పద్ధతులున్నాయి. కొందరు ఆస్ట్రేలియా దేశంలోని కోజియస్కోను లెక్కిస్తారు. మరికొందరు దానికి బదులు ఇండోనేషియాలోని కార్‌స్టెన్జ్ పిరమిడ్‌ను లెక్కిస్తారు. మస్తాన్ బాబు 172 రోజుల లెక్కలో ఉన్నది కోజియస్కో.

ఈ రికార్డులో రోజుల లెక్క మొదటి శిఖరం ఎక్కిన రోజు నుంచి చివరి శిఖరం ఎక్కిన రోజు వరకు. మధ్యలో విమానాలు, వీసాలు, వాతావరణం కోసం ఎదురుచూపులు, జలుబు, జ్వరం, నిద్రలేమి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గడియారం ఎక్కడా ఆగదు.

ఆ 172 రోజులు

ఆయన ఎక్కిన వరుస ఇది.

1. విన్సన్ మాసిఫ్, అంటార్కిటికా (4,892 మీటర్లు) – 2006 జనవరి 19, గురువారం
2. అకాంకాగువా, దక్షిణ అమెరికా (6,961 మీటర్లు) – ఫిబ్రవరి 17, శుక్రవారం
3. కిలిమంజారో, ఆఫ్రికా (5,895 మీటర్లు) – మార్చి 15, బుధవారం
4. కోజియస్కో, ఆస్ట్రేలియా (2,228 మీటర్లు) – ఏప్రిల్ 1, శనివారం
5. ఎవరెస్టు, ఆసియా (8,848 మీటర్లు) – మే 21, ఆదివారం
6. ఎల్‌బ్రుస్, యూరప్ (5,642 మీటర్లు) – జూన్ 13, మంగళవారం
7. డెనాలి, ఉత్తర అమెరికా (సుమారు 6,190 మీటర్లు) – జూలై 10, సోమవారం

వారాలు గమనించారా? ఏడు శిఖరాలు, ఏడు వారాలు. ఏ వారమూ రెండోసారి రాలేదు.

ఈ పట్టికను పరీక్షలో జ్ఞాపకం పెట్టుకునే పాఠంలా చదివితే అందులో ఉన్న కష్టం కనిపించదు. తేదీల మధ్య ఖాళీలు చూడండి. విన్సన్ నుంచి అకాంకాగువాకు 29 రోజులు. అక్కడి నుంచి కిలిమంజారోకు 26. కిలిమంజారో నుంచి కోజియస్కోకు 17. అక్కడి నుంచి ఎవరెస్టుకు 50. ఎవరెస్టు నుంచి ఎల్‌బ్రుస్‌కు 23. ఎల్‌బ్రుస్ నుంచి డెనాలికి 27. అన్నీ కూడితే 172.

అంటార్కిటికాలో జనవరి వేసవి. సూర్యుడు అస్తమించడు. రాత్రి రాదు కాబట్టి నిద్ర ఎప్పుడు పోవాలో శరీరానికి తెలియదు. వేసవి అయినా చలి సున్నాకు 20, 30 డిగ్రీలు కిందికి పోతుంది. ఆ ఖండానికి విమానం రావాలన్నా పోవాలన్నా వాతావరణం అనుకూలించాలి.

అకాంకాగువా ఆసియా ఖండం బయట ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండ. అక్కడి గాలులకు గుడారాలు చిరిగిపోతాయి. గాలి పొడిగా ఉండడం వల్ల ఊపిరితోనే ఒంట్లోని నీరు పోతుంది. కిలిమంజారో భూమధ్యరేఖకు దగ్గరలో ఉంది. కింద ఉక్కపోసే అడవి, పైన మంచుగడ్డ. నాలుగైదు రోజుల్లోనే మనిషి ఎండాకాలం నుంచి గడ్డకట్టే చలిలోకి పోతాడు. కోజియస్కో ఒక్కటే ఇందులో సులువైనది. దాని పైదాకా నడక దారి ఉంది.

ఆ తర్వాత ఎవరెస్టు. మామూలుగా అక్కడికి పోయే బృందాలు ఏప్రిల్ మొదట్లోనే చేరుకుంటాయి. వారాల తరబడి కొంత ఎక్కి, మళ్లీ దిగి, మళ్లీ ఇంకొంచెం ఎక్కి శరీరాన్ని అలవాటు చేస్తాయి. ఆ 2006 సీజనులో ఎవరెస్టు మీద పదిమందికి పైగా చనిపోయారు. అలాంటి ఏడాదిలో మస్తాన్ బాబు మే 21న శిఖరం చేరి క్షేమంగా దిగారు.

ఎవరెస్టు దిగిన మనిషికి కోలుకోవడానికి సమయం కావాలి. ఆయన 23 రోజుల్లో రష్యాలోని ఎల్‌బ్రుస్ మీద ఉన్నారు. మరో 27 రోజులకు అమెరికాలోని అలాస్కాలో డెనాలి మీద ఉన్నారు. డెనాలిలో సామాను మోయడానికి కూలీలు ఉండరు. వారాలకు సరిపడే తిండి, గుడారం, ఇంధనం వీపున కొంత, నడుముకు కట్టుకున్న చక్రాల్లేని మంచు బండి మీద కొంత వేసుకుని ఎవరిది వారే లాక్కుపోవాలి. పైగా ధ్రువానికి దగ్గరయ్యే కొద్దీ అంతే ఎత్తులో గాలి ఇంకా పలుచగా ఉంటుంది. అందరికంటే ఎక్కువ అలసిన శరీరంతో, బరువు మోయవలసిన కొండకు ఆయన చివర చేరుకున్నారు.

శరీరం చెల్లించే ధర

మన నిజామాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు సమృద్ధిగా ఉంటుంది. 5,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సగానికి పడిపోతుంది. ఎవరెస్టు శిఖరం మీద మూడో వంతే మిగులుతుంది. అంటే మనం ఇక్కడ ఒక్కసారి పీల్చుకునే ప్రాణవాయువు కోసం అక్కడ మూడుసార్లు పీల్చాలి. అయినా చాలదు.

దీనికి శరీరం తన దారి తాను వెతుక్కుంటుంది. ఊపిరి వేగం పెంచుతుంది. గుండె వేగం పెంచుతుంది. రక్తంలో ఎర్రకణాలను ఎక్కువగా తయారు చేస్తుంది. ఎర్రకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. వాటితో రక్తం చిక్కబడుతుంది. చిక్కబడిన రక్తాన్ని తోయడానికి గుండె మరింత కష్టపడాలి. ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కిందికి దిగిపోయాక కొన్ని వారాలకు ఈ అలవాటు కరిగిపోతుంది. అంటే ఒక కొండ మీద సంపాదించుకున్నది ఇంకో కొండకు పోయేలోగా కొంత పోతుంది. త్వరత్వరగా కొండలు ఎక్కేవారికి ఇందులో ఒక లాభం ఉంది. అలవాటు పూర్తిగా పోకముందే తర్వాతి కొండ చేరుకుంటారు. కానీ దానితోపాటు అలసట కూడా పూర్తిగా పోకముందే వస్తుంది.

ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది. తిన్నది సరిగా అరగదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది, మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. అమెరికాలో 1985లో కొందరు యువకులను ఒక గదిలో ఉంచి, 40 రోజులలో గాలి ఒత్తిడిని మెల్లగా ఎవరెస్టు స్థాయికి తగ్గించి పరీక్షించారు. ఆ గదిలో చలి లేదు, మోతబరువు లేదు, కావలసినంత మంచి భోజనం ఉంది. అయినా వారు సగటున 7 కిలోలకు పైగా బరువు తగ్గారు. తగ్గినదాంట్లో కొవ్వుతో పాటు కండ కూడా ఉంది. సుఖంగా కూర్చున్నవారికే అలా అయితే గాలివానలో బరువు మోస్తూ ఎక్కేవారి సంగతి మనం ఊహించవచ్చు. శరీరం తన కండను తానే పొయ్యిలో కట్టెలా కాల్చుకుంటుంది.

ఇవి కాక అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. తొందరపడి ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. ఈ రెండింటికీ మొదటి మందు వెంటనే కిందికి దిగడమే. చలికి వేళ్లలో రక్తం ఆగి నల్లబడితే కోసివేయాల్సి వస్తుంది. మంచు మీద ఎండ వెలుతురుకు కళ్లు దెబ్బతింటాయి. అన్నింటికంటే మోసకరమైనది ఇంకొకటి ఉంది. ప్రాణవాయువు చాలక బుద్ధి మందగిస్తుంది. తాను బాగానే ఉన్నాననుకుంటూనే మనిషి తప్పు నిర్ణయం తీసుకుంటాడు.

కొండల మీదే కాదు, నేల మీద దూరపు బాటల్లో వేగపు రికార్డులకు పోయేవారిదీ ఇదే కథ. అమెరికాలో అపలాచియన్ అనే అడవి బాట దాదాపు 3,500 కిలోమీటర్ల పొడవుంటుంది. 2024లో తారా డోవర్ అనే మహిళ దానిని 41 రోజుల లోపే పూర్తి చేసింది. రోజుకు 80 కిలోమీటర్లకు పైగా, అదీ కొండలెక్కుతూ దిగుతూ. ఇలాంటి యాత్రల్లో పాదాలు ఉబ్బి బూట్లు పట్టవు. కాలిగోళ్లు ఊడిపోతాయి. నిద్ర చాలదు. ఎంత తిన్నా ఖర్చయిన శక్తికి సమానం కాదు. యాత్ర ముగిశాక కూడా మళ్లీ మామూలు మనిషి కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

రికార్డు పుస్తకంలో రాసేది మాత్రం రోజులనే. శరీరం చెల్లించింది ఏ పట్టికలోనూ ఉండదు.

రికార్డు తర్వాత

రికార్డులకు ఒక స్వభావం ఉంది. అవి ఎవరి దగ్గరా ఎక్కువ కాలం ఉండవు. మస్తాన్ బాబు 172 రోజుల లెక్కను మరుసటి ఏడాది 2007లోనే ఐర్లాండ్‌కు చెందిన ఇయాన్ మెక్‌కీవర్ తగ్గించాడు. ఆ మెక్‌కీవర్ 2013 జనవరిలో కిలిమంజారో మీద పిడుగుపాటుకు చనిపోయాడు. 2018లో ఆస్ట్రేలియాకు చెందిన స్టీవ్ ప్లెయిన్ 117 రోజుల్లో పూర్తి చేశాడు.

తన రికార్డు పోయిందని మస్తాన్ బాబు కొండలు మానలేదు. మళ్లీ రికార్డు కోసమే పరుగెత్తనూ లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలకు ఆయన మళ్లీ మళ్లీ వెళ్లారు. దీన్ని బట్టి మాకు అర్థమైంది ఏమిటంటే, ఆయనకు గడియారం ఒక సాధనం మాత్రమే. అసలు ఇష్టం కొండ మీదే.

2014 డిసెంబర్‌లో ఆయన మరోసారి ఆండీస్‌కు బయలుదేరారు. అర్జెంటీనా, చిలీ దేశాల సరిహద్దులో ట్రెస్ క్రూసెస్ అనే పర్వతం ఉంది. దాని దక్షిణ శిఖరం ఎత్తు సుమారు 6,750 మీటర్లు. 2015 మార్చి 24న ఆయన ఆ కొండ మీదికి ఒంటరిగా వెళ్లారు. అదే రోజుల్లో ఆ ప్రాంతాన్ని పెద్ద తుఫాను కమ్మింది. దిగువన చిలీలోని అటకామా ఎడారి ప్రాంతంలో వరదలు వచ్చి ఎందరో చనిపోయారు. వానే ఎరుగని ఎడారిలో వరద వచ్చిందంటే కొండ మీద పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆయన తిరిగి రాలేదు.

దేశదేశాల్లోని స్నేహితులు, పర్వతారోహకులు, రెండు దేశాల్లోని మన రాయబార కార్యాలయాలు గాలింపు కోసం కదిలాయి. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన మృతదేహం కనిపించింది. అదే నెల చివర్లో స్వగ్రామం గాంధీ జనసంగం తీసుకువచ్చి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. అప్పటికి ఆయన వయసు 40 ఏళ్లు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆయన చనిపోయింది రికార్డు పరుగులో కాదు. 172 రోజుల యాత్రలో ఏడు కొండలు ఎక్కి ఏడింటి నుంచీ క్షేమంగా దిగారు. తొమ్మిదేళ్ల తర్వాత, ఎంతో అనుభవం వచ్చాక, తనకు బాగా తెలిసిన పర్వతాల్లో ప్రాణం పోయింది. ఎంత తయారైన శరీరమైనా, ఎంత అనుభవమైనా కొండ ముందు చిన్నదే. దిగువన కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు రోజులు గడిచాక గాని ఆచూకీ దొరకలేదు. పక్కన ఒక మనిషి ఉండడం ఎంత విలువైనదో దీనివల్ల మనకు తెలుస్తుంది.

మన జిల్లా – మన పాఠం

ఈ కథ మన జిల్లాకు దూరమైనదేమీ కాదు. మన నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ కూడా గురుకుల విద్యార్థే. అంతకుముందు వారికి భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్పించారు. డార్జిలింగ్ పంపించారు. లడఖ్ చలిలో ఉంచి చూశారు. మెట్టు తర్వాత మెట్టుగా తయారు చేశాకే ఎవరెస్టుకు పంపారు. పూర్ణ ఆ తర్వాత ఆగలేదు. 2022 జూన్‌లో డెనాలితో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది.

మస్తాన్ బాబుకు 172 రోజులు, పూర్ణకు ఎనిమిదేళ్లు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని మేము అడగడం లేదు. ఒకరు శరీరానికి విరామం ఇవ్వకుండా నడిచారు. ఒకరు చదువు చదువుకుంటూ, ఎదుగుతూ, ఒక్కొక్క కొండకూ వేరుగా తయారవుతూ నడిచారు. ఇద్దరూ శిఖరాలు చేరారు. ఒకటి మాత్రం ఇద్దరికీ సమానం. కొండ దగ్గరికి పోకముందే వారి శరీరాలు తయారై ఉన్నాయి.

మన మండలానికి కూడా ఓర్పుతో చేసిన పనికి పేరుంది. 2001లో వేల్పూర్ మండలంలో ఇల్లిల్లూ తిరిగి, బడి బయట ఉన్న పిల్లలను బడిలో చేర్పించి, బాల కార్మికులు లేని మండలంగా దేశంలోనే పేరు తెచ్చారు. అప్పుడు పసుపు చేలలో, పశువుల వెంట ఉన్న పిల్లలు బడికి వచ్చారు. బడికి వచ్చినవాడే ఏ కొండైనా ఎక్కగలడు. నెల్లూరు జిల్లా పల్లె పిల్లవాడు కోరుకొండకు వెళ్లడంతోనే ఆయన మొదటి కొండ ఎక్కినట్టు.

ఇప్పుడు మన గ్రౌండు సంగతి. కానిస్టేబుల్ పరీక్షకు 1,600 మీటర్ల పరుగు ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చేదాకా ఊరుకుని, వచ్చాక ఒక్కసారిగా రోజూ ఐదారు కిలోమీటర్లు పరుగెత్తడం మనలో చాలామందికి అలవాటు. ఖాళీ కడుపుతో, పాత చెప్పులతో, నీళ్లు తాగకుండా. నెల తిరగకముందే పిక్క ఎముక ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. నొప్పిని లెక్కచేయకపోతే ఎముకలో సన్నని చీలిక వస్తుంది. అప్పుడు పరుగు కాదు, నడక కూడా కష్టం. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ప్రొద్దెక్కాక పరుగెత్తితే వడదెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది. ఎన్నడూ లేనంత శ్రమ ఒక్కసారి చేస్తే కండరాలు చితికిపోయి మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంది. అలా వస్తే రేపు చూద్దాం అనకూడదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కాబట్టి తమ్ముళ్లకు మేము చెప్పేది ఇంతే. ఉద్యోగం ఇంటర్ తర్వాత అయినా, పరుగు ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టండి. వారానికి కొంచెం కొంచెంగా దూరం పెంచండి. వారంలో ఒక రోజు కాళ్లకు సెలవివ్వండి. పరుగుకు ముందు గుక్కెడు నీళ్లు, ఒక అరటిపండో గుప్పెడు పల్లీలో తీసుకోండి. హాస్టల్ గుడ్డు వదలకండి. రాత్రి ఫోను పక్కన పెట్టి నిద్రపోండి. ఒంటరిగా పరుగెత్తకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. నొప్పి వస్తే దాచకండి. వార్డెన్ గారికో సీనియర్లకో చెప్పండి. నొప్పి చెప్పినవాడు పిరికివాడు కాదు. కొండ మీద కూడా వెనక్కి దిగడం తెలిసినవాడే మళ్లీ ఎక్కుతాడు.

పూర్వ విద్యార్థులకు కూడా ఒక మనవి. మీలో పోలీసు శాఖలో, సైన్యంలో పనిచేస్తున్నవారు ఉన్నారు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఒక ఉదయం మన గ్రౌండుకు రండి. సాధన ఎలా మొదలుపెట్టారో, ఎక్కడ దెబ్బ తగిలిందో, ఎలా కోలుకున్నారో పిల్లలకు చెప్పండి. బూట్ల కన్నా ఆ మాటలే వారికి ఎక్కువ ఉపయోగం.

మల్లి మస్తాన్ బాబు గారి 172 రోజుల రికార్డును ఇతరులు దాటిపోయారు. ఇరవై ఏళ్ల పాటు రోజూ లేచి తన శరీరాన్ని తాను తయారు చేసుకున్న ఆ పద్ధతి మాత్రం పాతబడలేదు. ఆ పద్ధతి మనకూ అందుబాటులోనే ఉంది. దానికి విమానం టిక్కెట్టు అక్కరలేదు. తెల్లవారుజామున లేచే కాళ్లు, తొందరపడని మనసు ఉంటే చాలు.